చేతికి వచ్చిన సీటు వదులుకోవాలా?

(నీట్ రాసిన విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో మా విద్యా మార్గదర్శక బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కొన్నేళ్ళ క్రితం వరకు ఇటువంటి సమావేశాలలో మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే ఉండేది: "సీటు ఎలా వస్తుంది?" ఇప్పుడు దానికి మరొక ప్రశ్న తోడైంది: "వచ్చిన సీటులో చేరాలా, వదిలేసి మళ్ళీ రాయాలా?" ఈ ప్రశ్న వేసుకోగలిగే స్థితికి మన పిల్లలు చేరుకున్నందుకు సంతోషించవలసిందే. అయితే దీనికి తొందరపాటుతో జవాబు చెప్పుకొని కొన్ని కుటుంబాలు పిల్లల ఏళ్ళను పోగొట్టుకున్నాయి, మరికొన్ని ఉన్న ఇల్లునే పోగొట్టుకున్నాయి. అందుకే ఈ రోజు ఈ ఒక్క విషయమే మీ ముందుంచదలిచాము.

ముందుగా మేము ఎదుర్కొన్న ఒక సందర్భం చెబుతాము. కౌన్సెలింగు జరుగుతున్న రోజులలో ఒక తండ్రి తన భార్యను, కుమార్తెను వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చారు. ఆయన లారీ మెకానిక్. అమ్మాయికి బి.సి.-ఇ కింద ఒక కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు వచ్చింది. చేరడానికి రెండు రోజుల గడువు మిగిలింది. "ఆ ఊళ్ళో మనవాళ్ళెవరూ లేరు. ఆడపిల్లను అంత దూరం ఎలా పంపేది? ఇంకొక్క ఏడాది చదివి ముప్పై మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే హైదరాబాదులోనే వస్తుంది కదా" అన్నారాయన. మేము అమ్మాయిని అడిగాము. ఆమె నోరు విప్పేలోపే తండ్రి జవాబు చెప్పారు. ఆ సంగతికి చివర మళ్ళీ వస్తాము. సీటు వదలాలా వద్దా అని తేల్చుకునే ముందు ప్రతి కుటుంబమూ కాగితం మీద రాసుకొని చూసుకోవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

మొదటి ప్రశ్న: వచ్చింది ఏ సీటు? సీట్లన్నీ ఒకటి కావు. తెలంగాణలో ప్రభుత్వ కళాశాలలో ఏటా ఫీజు 10,000 రూపాయలు. ప్రైవేటు కళాశాలలో కన్వీనర్ కోటా సీటుకు 60,000. అదే కళాశాలలో, అదే తరగతి గదిలో, అదే బెంచీ మీద కూర్చునే బి కేటగిరీ విద్యార్థికి ఏటా 12 లక్షలకు అటూ ఇటూ. ఆంధ్రప్రదేశ్‌లో అంకెలు కొంత వేరుగా ఉన్నా తేడా అంతే పెద్దది. కనుక "ఎం.బి.బి.ఎస్. సీటు వచ్చింది" అన్న మాటతో ఏమీ తేలదు. ప్రభుత్వ సీటును వదులుకోవడం ఒక నిర్ణయం, యాజమాన్య కోటా సీటును వదులుకోవడం దానికి పూర్తిగా భిన్నమైన నిర్ణయం.

ప్రభుత్వ సీటుగాని, కన్వీనర్ కోటా సీటుగాని వచ్చినవారికి మా సలహా సూటిగా ఒక్కటే: దూరం కారణంగానో, కళాశాల కొత్తదన్న కారణంగానో దానిని వదలకండి. 2022లో సంగారెడ్డి, మహబూబాబాద్, వనపర్తి వంటి చోట్ల, 2023 సెప్టెంబరులో ఆసిఫాబాద్, నిర్మల్, భూపాలపల్లి వంటి చోట్ల ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లోనే విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో మొదలయ్యాయి. వీటిలో అధ్యాపకుల కొరత ఉన్నదని, హాస్టలు సరిగా లేదని పిల్లలు చెప్పే మాటలు అబద్ధం కావు. ఆ లోపాలపై గట్టిగా అడగవలసిందే. కాని పట్టా ఇచ్చేది అదే ఆరోగ్య విశ్వవిద్యాలయం. రేపు పీజీ సీటును నిర్ణయించేది నీట్-పీజీ ర్యాంకే, ఎం.బి.బి.ఎస్. చదివిన కళాశాల పేరు కాదు.

రెండవ ప్రశ్న: మళ్ళీ రాస్తే మెరుగవుతుందన్న నమ్మకానికి ఆధారమేమిటి? "ముప్పై మార్కులు" అని అనుకోవడం సులభం. కాని నీట్‌లో మార్కుకు విలువ ఏటా మారుతుంది. 2024లో సవరించిన ఫలితాలలో 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో ప్రశ్నపత్రం కఠినంగా ఉండి, దేశంలోనే అత్యధిక మార్కులు 686 దగ్గర ఆగిపోయాయి. అంటే నిరుటి మార్కులతో ఈ ఏటి సీటును లెక్క కట్టలేము, ఈ ఏటి మార్కులతో వచ్చే ఏటిదీ కట్టలేము. చూడవలసింది ర్యాంకు. మీ ర్యాంకుకూ, మీ వర్గంలో చివరి సీటు ఆగిన ర్యాంకుకూ మధ్య ఎంత దూరమున్నదో చూడండి. ఏ పాఠ్యాంశంలో ఎందుకు మార్కులు పోయాయో చూడండి. అనారోగ్యమో, ఇంట్లో మరణమో, భౌతికశాస్త్రం ఒక్కదానిలో బలహీనతో కారణమైతే అది సరిదిద్దుకోగలిగినది. రెండుసార్లు లాంగ్ టర్మ్ కోచింగు తీసుకొని రెండుసార్లూ అక్కడే ఆగితే, మూడవ ఏడు అద్భుతం జరుగుతుందని కోచింగు సంస్థ చెప్పవచ్చు. మీరు నమ్మనవసరం లేదు.

మూడవ ప్రశ్న: నిబంధన ఏమంటున్నది? నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు, గరిష్ఠ వయోపరిమితి లేదు. ఇది తెలిసి చాలామంది "ఎప్పుడైనా వదలవచ్చు" అనుకుంటారు. అది పొరపాటు. అఖిల భారత కోటాలో మొదటి విడతలో వచ్చిన సీటులో చేరకపోతే నష్టం లేదు. రెండవ విడతలో వచ్చిన సీటులో చేరకపోతే ధరావతు పోతుంది. డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు ఆ ధరావతు 2 లక్షల రూపాయలు. చివరి స్ట్రే విడతలో వచ్చిన సీటులో చేరకపోతే ధరావతుతోపాటు మరుసటి నీట్ రాసే అవకాశమే పోతుంది. అంటే మళ్ళీ రాయాలని సీటు వదిలిన విద్యార్థికి మళ్ళీ రాసే దారే మూసుకుపోతుంది. రాష్ట్ర కౌన్సెలింగు నిబంధనలు వేరు. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆ ఏడు ఇచ్చిన నోటిఫికేషన్‌ను మొదటి పేజీ నుండి చివరి పేజీ దాకా చదవండి. చదవడం రానివారు చదివించుకోండి. ఆ సేవకే మేమున్నాము.

"చేరి ఉందాం, చదువుతూనే మళ్ళీ రాద్దాం" అనేవారూ ఉన్నారు. ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరం పరీక్షకు ఇప్పటి నిబంధనల ప్రకారం నాలుగు ప్రయత్నాలే ఉన్నాయి. శరీర నిర్మాణ శాస్త్రం ఒక చేత్తో, ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం మరొక చేత్తో పట్టుకొన్నవారు రెండూ జారవిడుచుకోవడం మేము చూశాము. పైగా చేరికల గడువు ముగిశాక ఖాళీ చేసిన సీటు మరెవరికీ దక్కదు.

ఇక్కడ ఒక మాట హక్కుల గురించి చెప్పాలి. ఈ బి.సి.-ఇ సీటు మనకు ఊరికే రాలేదు. 2004లో ఇచ్చిన అయిదు శాతం ఉత్తర్వు హైకోర్టులో నిలవలేదు. 2005లో చేసిన చట్టమూ నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక తరువాత, వెనుకబాటుతనం ప్రాతిపదికగా 14 వర్గాలకు నాలుగు శాతం ఇస్తూ మరొక చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేసింది. ఆ మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలోనే మన పిల్లలు చదువుకుంటూ వచ్చారు. వంద సీట్ల ప్రభుత్వ కళాశాలలో అఖిల భారత కోటాకు 15 పోతే మిగిలేవి 85. అందులో నాలుగు శాతమంటే మూడో నాలుగో సీట్లు. అందులో ఒకటి మొదటి విడతలోనే వదిలితే తరువాతి విడతలో మన వర్గానికే చెందిన మరొక బిడ్డకు అందుతుంది. చేరి, గడువు దాటాక వదిలితే ఎవరికీ అందకుండా పోతుంది. వదిలేవారు వెంటనే వదలాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, బాధ్యత.

బి.సి.-ఇ వర్తించని సయ్యద్, పఠాన్ వంటి కుటుంబాల పిల్లలకు ముస్లిం మైనారిటీ వైద్య కళాశాలలలోని కన్వీనర్ సీట్లు ముఖ్యమైన ఆసరా. రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కుతో ఏర్పడిన సంస్థలవి. వాటికి వేరుగా నోటిఫికేషన్ వెలువడుతుంది. దానిని చూడకుండానే "సీటు రాలేదు" అనుకొని బి కేటగిరీకి పరుగెత్తినవారున్నారు. అలాగే బి.సి.-ఇలోని పలు వర్గాలు కేంద్ర ఓ.బి.సి. జాబితాలో లేవు. అటువంటివారు అఖిల భారత కోటాలో ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రానికి అర్హులవుతారేమో తహసీల్దారు కార్యాలయంలో ముందే విచారించుకోవాలి. ఇవన్నీ చూసుకున్న తరువాతనే సీటు వదిలే ఆలోచన చేయాలి.

నాలుగవ ప్రశ్న: డబ్బు ఎక్కడి నుండి వస్తుంది? బి కేటగిరీ సీటుకు అయిదేళ్ళలో ఫీజే 60 లక్షల దాకా అవుతుంది. వడ్డీ అప్పు వద్దనుకునే కుటుంబం అందుకోసం ఇల్లు అమ్ముతుంది. ఇల్లు చాలకపోతే, రెండవ ఏడాది ఫీజు గడువు నాటికి బ్యాంకు కంటే ఘోరమైన వడ్డీకి బజారులో అప్పు తెస్తుంది. దేనికి భయపడి ఇల్లు అమ్మారో చివరకు దాని చేతిలోనే పడతారు. ఆ ఇంట్లో తరువాతి పిల్లల చదువు మాటేమిటో ఎవరూ లెక్కలో వేయరు. తండ్రి ప్లాటు అమ్మి బయానా ఇవ్వబోతుండగా, "అబ్బా, నాకు ఒక్క ఏడాది ఇవ్వండి" అని ఆపిన ఒక అబ్బాయి మాకు తెలుసు. కటాఫ్‌కు అతడు కొద్ది దూరంలోనే ఉన్నాడు. ఆ ఏడు చదివి కన్వీనర్ సీటు తెచ్చుకున్నాడు. ఇంకొక అబ్బాయి ఇదే పని చేసి మూడేళ్ళు పోగొట్టుకొని, చివరకు వైద్యం కాని కోర్సులో చేరాడు. ఇద్దరి పట్టుదలా ఒకటే. మొదటివాడు కటాఫ్‌కు ఎంత దగ్గరలో ఉన్నాడో చూసుకొని ఆగాడు. రెండవవాడు ఆశ చూసుకొని ఆగాడు.

విదేశాలకు వెళ్ళేవారికి నాలుగు మాటలు. దానికీ నీట్‌లో అర్హత కావాలి. 2021 నవంబరు నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, బోధన ఆంగ్లంలో ఉండాలి, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగి వచ్చాక 300 మార్కుల అర్హత పరీక్షలో 150 తెచ్చుకోవాలి. 2022లో ఉక్రెయిన్ నుండి చదువు మధ్యలో తిరిగివచ్చిన పిల్లల వేదన మీకు గుర్తుండే ఉంటుంది. ఏజెంటు చూపే రంగుల పుస్తకంలో ఇవేవీ ఉండవు. చేతిలో ఉన్న కన్వీనర్ సీటును విదేశీ సీటు కోసం వదలడం మాత్రం మేము ఎన్నడూ సమర్థించము.

అయిదవ ప్రశ్న, అన్నింటికంటే బరువైనది: నిర్ణయం ఎవరిది? మన ఇళ్ళలో ఇస్తిఖారా చేస్తారు, మంచిదే. ఆ తరువాత మషూరా చేయాలి. సంప్రదింపు అంటే మేనమామను, చిన్నాన్నను, కోచింగు యజమానిని అడిగి, చదవవలసిన బిడ్డను అడగకపోవడం కాదు. అబ్బాయి విషయంలో "ఎంత దూరమైనా పంపుదాం" అనే ఇల్లే అమ్మాయి విషయంలో "ఇంకో ఏడాది చదువు, దగ్గరలో వస్తుంది" అంటున్నది. ఆ ఏడాది మధ్యలో సంబంధం వస్తుంది. ఆ తరువాత పుస్తకాలు అటక ఎక్కుతాయి. మళ్ళీ రాయమనడం కొన్ని ఇళ్ళలో చదువు మానమనడానికి మర్యాదగల పేరు. ఈ మాట కఠినంగా ఉంటే మన్నించండి. కాని ఇది మేము చాలా ఇళ్ళలో చూసిన నిజం.

అందుకే ఆ మెకానిక్ తండ్రితో మేము వాదించలేదు. అదే కళాశాలలో పై తరగతి చదువుతున్న మన అమ్మాయి ఒకరితో ఫోనులో మాట్లాడించాము. హాస్టలు గేటు ఎన్ని గంటలకు వేస్తారు, భోజనం ఎలా ఉంటుంది, హిజాబ్ విషయంలో ఇబ్బంది ఉన్నదా, ఇంటికి బస్సు ఎక్కడ దొరుకుతుంది అని తల్లి ఒక్కొక్కటే అడిగారు. నీటి ఇబ్బంది ఉన్నదని, భయం మాత్రం లేదని ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. తరువాత మేము తండ్రిని కాసేపు మౌనంగా ఉండమని కోరి, కుమార్తెను మరొకసారి అడిగాము. "అబ్బా, మీరు మళ్ళీ రాయమంటే రాస్తాను. కాని ఈ సీటు వదిలింది నేను కాదని గుర్తుంచుకోండి" అన్నది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు రాత్రి బస్సుకు ముగ్గురూ బయలుదేరారు. ఇప్పుడు ఆ అమ్మాయి రెండవ సంవత్సరం చదువుతున్నది. తండ్రి నెలకొకసారి వెళ్ళి చూసి వస్తున్నారు. దూరం ఏమీ తగ్గలేదు.

చివరగా సమాజ పెద్దలకు ఒక విన్నపం. కన్వీనర్ సీటు వచ్చి కూడా చేరే రోజున ఫీజు, హాస్టలు బయానా, ప్రయాణ ఖర్చు ఒకేసారి సమకూరక వెనుకాడే కుటుంబాలు ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ప్రతి పట్టణంలో ఒక చిన్న ఖర్జె హసనా నిధిని కౌన్సెలింగుకు ముందే సిద్ధం చేయండి. ఒక్క బి కేటగిరీ సీటుకు ఒక ఏడాది అయ్యే డబ్బుతో అనేకమంది పిల్లలను కన్వీనర్ సీట్లలో చేర్చవచ్చు.

విద్యార్థులారా, సీటు వదలడం తప్పు కాదు, చేరడం గొప్ప కాదు. లెక్క చూసుకొని, నిబంధన చదువుకొని, మీ నోటితో మీరు చెప్పిన నిర్ణయమైతే అది ఏదైనా మేము మీ వెంట ఉంటాము. సమావేశం ముగిసిన తరువాత మా బృందం సభ్యులు ఇక్కడే కూర్చుంటారు. మీ ర్యాంకు కార్డు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం తీసుకొని రండి. అమ్మానాన్నలను కూడా వెంట తీసుకురండి. మొదట మాట్లాడవలసింది మాత్రం మీరే.