నాట్ల రోజుల్లో ఇంటిల్లిపాదికీ బలమైన తిండి



నాట్లు మొదలయ్యాయంటే ఇంటి ఇల్లాలికి కాలు నిలవదు. కోడి కూయకముందే లేవాలి. పశువుల పని చూడాలి. పిల్లలకు ఇంత పెట్టి బడికి పంపాలి. సద్ది కట్టుకుని పొద్దెక్కకముందే మడిలో దిగాలి. సాయంత్రం నడుము పట్టుకుని ఇంటికి వస్తే మళ్ళీ వంట. ఇలాంటి రోజుల్లో చాలా ఇళ్ళలో జరిగేది ఏమిటంటే, ఇంత అన్నం, ఇంత ఊరగాయ. పచ్చడి మెతుకులతో పూట గడిచిపోతుంది. పాలున్నవి గదా అంటారేమో. అవి తెల్లవారకముందే పాలకేంద్రానికి పోతున్నవి. డబ్బు వస్తున్నది, మంచిదే. కాని గేదె వట్టిపోయిన ఇంట్లోనూ, పాలన్నీ అమ్ముకునే ఇంట్లోనూ పిల్లవాడి కంచంలోకి మిగిలేది ఏమిటి?

అందువల్ల ఈనాడు మీకు మనవి చేయదలచినది ఇది. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం ఇవేవీ లేని రోజున కూడా, మన చేలో పండిన గింజలు, పప్పులు, ఆకులతోనే, తక్కువ వేళలో, బలమైన భోజనం ఎలా వండుకోవచ్చునో చెబుతాను. ఇటువంటి తిండికి పట్నాలలో ఇప్పుడు ‘వీగన్’ అని పేరు. ఆ మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. పేరు కొత్తదే కాని తిండి మనకు కొత్త కాదు. రాగి అంబలి, జొన్నరొట్టె, పప్పుకూర, చింతపండు పులిహోర, చిమ్మిలి, వడపప్పు, పానకం, వీటిలో పాలచుక్క ఎక్కడున్నది చెప్పండి? పాడి మానుకోమని నేను చెప్పడం లేదు. పాలు లేని పూట కూడా కడుపు బలంగా నిండాలి అంటున్నాను.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పాలి? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు స్త్రీలలో సగం మందికి మించి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అయిదేళ్ళ లోపు పిల్లలలో అంతకంటె ఎక్కువ. మడిలో వంగి నాటు వేసే మనిషికి ఆయాసం, కళ్ళు తిరగడం, కాళ్ళు లాగడం వస్తే ఎండ దెబ్బ అనుకుంటాము. చాలాసార్లు అది రక్తంలో ఇనుము చాలకపోవడం. మన ఇళ్ళలో అందరూ తిన్న తరువాత గిన్నె అడుగున మిగిలింది ఆడవాళ్ళు తింటారు. పప్పంతా పైవాళ్ళకు పోయి, ఆమెకు చారు మిగులుతుంది. కాబట్టి వంట సంగతి మాట్లాడేటప్పుడు వడ్డన సంగతి కూడా మాట్లాడవలసిందే. సోదరులారా, ఈ ప్రసంగం మీరు కూడా వినాలి.

ముందుగా మూడు సూత్రాలు జ్ఞాపకం పెట్టుకోండి.

మొదటిది, గింజకు పప్పు తోడు కావాలి. బియ్యంలో, జొన్నలో, రాగిలో ఉండే మాంసకృత్తులలో ఒక లోటు ఉన్నది. పప్పులలో వేరొక లోటు ఉన్నది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. మూడు పాళ్ళు ధాన్యానికి ఒక పాలు పప్పు అని లెక్క పెట్టుకోండి. జొన్నలో కంది సాళ్ళు వేయడం మనకు తెలిసిన పనే. పొలంలో కలిసినవి కంచంలోనూ కలవాలి.

ఇది వట్టి మాట కాదు. ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో జొన్న ఒక్కటే తిని బతికే బీదవారికి పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి, మొద్దుబారి, పొరలుగా లేచేది. 1960లో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకంఠయ్య గార్లు జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండడానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉన్నదని రాశారు. ఇప్పుడు ఆ జబ్బు అరుదైంది. కాని పాఠం మాత్రం పాతబడలేదు. జొన్న మంచి గింజే. దాన్ని ఒంటరిగా వదలకూడదు. పప్పు, వేరుశనగ, ఆకుకూర పక్కన ఉండాలి.

రెండవది, ఇనుము ఉన్న కూరకు పులుపు తోడు కావాలి. ఆకుకూరలలో, పప్పులలో, సజ్జలలో ఇనుము ఉన్నా, అది ఒంటికి సులభంగా పట్టదు. నిమ్మరసం, ఉసిరి, జామకాయ వంటి వాటిలోని సి విటమిన్ తోడైతే ఎక్కువ పడుతుంది. నిమ్మకాయ పొయ్యి మీద పిండకండి. దించిన తరువాత, కంచంలో పిండుకోండి. అన్నం తినగానే టీ తాగితే ఆ ఇనుము పట్టకుండా పోతుంది. ఒక గంట ఆగి తాగండి. కూర వేపుడు ఇనుప మూకుడులో చేసుకుంటే మరీ మంచిది.

మూడవది, నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం. ఈ మూడూ రాత్రిపూట వాటంతట అవే జరిగే పనులు. మనం నిద్రపోతుంటే గిన్నె పని చేస్తుంది. గింజలోని సారాన్ని పట్టి ఉంచే పదార్థాలు ఇందువల్ల తగ్గుతవి. పొద్దున ఉడకడానికి వేళ కూడా తక్కువ పడుతుంది.

ఇక వంటలు. అయిదుగురున్న ఇంటికి లెక్క చెబుతాను.

పొద్దున అంబలి. రాత్రి పడుకునే ముందు నూరు గ్రాముల రాగిపిండిని అర లీటరు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టి ఉంచండి. తెల్లవారేసరికి కొద్దిగా పులుస్తుంది. లీటరున్నర నీళ్ళు మరగనిచ్చి అందులో ఈ పిండినీళ్ళు పోస్తూ, అడుగంటకుండా పది నిమిషాలు తిప్పండి. ఉప్పు, కాస్త వాము వేసి దించండి. చల్లారిన తరువాత మజ్జిగకు బదులు నిమ్మరసం పిండి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగవచ్చు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే ఆవుపాలలో సుమారు 120. పాలలోది ఒంటికి సులువుగా పడుతుంది, నిజమే. అయినా పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు గదా! అన్నం ఒక్కటే తినే ఇంటికి రాగి ఎంత మేలో మీరే లెక్క వేసుకోండి.

అంబలి వద్దనే పిల్లలకు పెసరట్టు. పావు కిలో పెసలు, గుప్పెడు బియ్యం రాత్రి నానబెట్టండి. పొద్దున అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బి, వెంటనే పెనం మీద పోయండి. దీనికి పులియవలసిన పని లేదు.

పొలానికి సద్ది. సద్దుల బతుకమ్మనాడు మన అక్కచెల్లెళ్ళు చేసే సద్దులు చూడండి. పెరుగు సద్ది ఒక్కటి తప్ప నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, నిమ్మకాయ సద్ది, చింతపండు సద్ది అన్నీ పాలు లేనివే. పండుగనాడు చేసేది పనిరోజున ఎందుకు చేయకూడదు? వేయించిన నువ్వులు, ఎండుమిరపకాయలు, ఉప్పు కలిపి పొడి కొట్టి ఉంచుకుంటే, పొద్దున వేడి అన్నంలో కలిపి తాలింపు పెట్టడమే. గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్ళు చల్లితే పప్పు లేని లోటు తీరుతుంది. చింతపండు పులుసు కలిపినది మధ్యాహ్నం దాకా చెడదు.

రాత్రికి మునగాకు పప్పు. రెండు వందల గ్రాముల కందిపప్పు, మూడు గుప్పెళ్ళ మునగాకు, రెండు టమాటాలు, పసుపు కుక్కరులో వేసి నాలుగు కూతలు రానివ్వండి. ఉప్పు వేసి మెదిపి, రెండు చెంచాల వేరుశనగ నూనెలో ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లితో తాలింపు పెట్టండి. ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దలు చెప్పేవారు. నాట్లు పడేదీ ఆ రోజుల్లోనే. మునగ లేకపోతే తోటకూర వేయండి. ఈ పప్పుతో జొన్నరొట్టెగాని, రాగి సంకటిగాని, అన్నంగాని తినవచ్చు. వండిన తరువాత ఇల్లాలి వాటా ముందే ఒక గిన్నెలోకి తీసి మూతపెట్టండి. ఈ చిన్న అలవాటు ఎన్ని మందులైనా చేయలేని మేలు చేస్తుంది.

పిల్లలు బడినుంచి రాగానే ఏదో ఒకటి అడుగుతారు. అంగట్లో పది రూపాయల పొట్లం కొని చేతిలో పెట్టడం కంటె ఆదివారంనాడు ఒక గంట కూర్చుని చిమ్మిలి చేసి డబ్బాకు పోయండి. పావు కిలో నువ్వులు దోరగా వేయించి, చల్లారిన తరువాత రెండు వందల గ్రాముల బెల్లంతో కలిపి రోట్లో దంచండి, లేదా మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. నువ్వులలోని నూనే ఉండ కట్టిస్తుంది, నెయ్యి అక్కరలేదు. పొట్టు తీయని నువ్వులు నూరు గ్రాములలో కాల్షియం వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. రోజుకు ఒక చిన్న ఉండ చాలు. వేరుశనగ ఉండలు కూడా ఇలాగే చేయవచ్చు. చిన్నపిల్లలకు గుళ్ళు గుళ్ళుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతవి. మెత్తగా దంచినదే పెట్టండి.

పసిబిడ్డలకు మొలక రాగి జావ. రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో కట్టి ఒకటి రెండు రోజులు మొలకెత్తనిచ్చి, ఎండబెట్టి, సన్నని సెగమీద వేయించి పిండి పట్టించండి. మొలకెత్తిన గింజలో పిండిపదార్థాన్ని కరిగించే శక్తి పుడుతుంది. అందువల్ల పిండి ఎక్కువ వేసినా జావ గట్టిపడదు. చిన్న పొట్టకు ఎక్కువ బలం అందుతుంది. దీనిలో మూడోవంతు వేయించిన పెసరపప్పు పిండి కలపండి. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప ఏమీ వద్దు. ఆ తరువాత ఈ జావ మొదలుపెట్టి, తల్లిపాలు రెండేళ్ళదాకా ఇస్తూనే ఉండండి. ఏడాదిలోపు బిడ్డ జావలో ఉప్పు, బెల్లం వేయనక్కరలేదు.

ఇక జాగ్రత్తలు రెండు. వేరుశనగ కాయల్లో బూజు పట్టినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరి పారవేయండి. ఆ బూజునుంచి ఆఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా పోదు. అటువంటి కాయల చెక్క గేదెకు పెడితే విషం పాలలోకి కూడా దిగుతుంది. కాయ ఊపితే లోపల గుళ్ళు గలగలలాడేదాకా ఎండనిచ్చి, నేలకు తగలకుండా ఎత్తుమీద నిలవ చేయండి.

రెండవది బి-12 విటమిన్. ఇది గింజలలో, ఆకులలో దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు, మాంసం వంటి వాటిలోనే ఉంటుంది. పులిసిన అంబలిలో వస్తుందని నమ్ముకోకండి. అప్పుడప్పుడూ మజ్జిగైనా తాగేవారు ఆ అలవాటు మానుకోవద్దు. వాటిని పూర్తిగా మానిన వారు డాక్టరును అడిగి బి-12 మాత్ర తప్పక వాడాలి. గర్భవతులు, పాలిచ్చే తల్లులు ఈ విషయంలో అశ్రద్ధ చేయరాదు. ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా మింగవలసిందే. వంట మందుకు తోడు, మందుకు బదులు కాదు.

సోదరులారా, ఈ తిండి అంగట్లోనుంచి కాదు, మీ గట్టుమీదనుంచి రావాలి. వరిగట్లమీద కంది వేయండి. బోరు నీళ్ళు పారే కాలువ పక్కన రెండు మునగచెట్లు, ఒక నిమ్మచెట్టు నాటండి. ఇంటి వెనక వాడుక నీళ్ళు పోయేచోట తోటకూర చల్లితే నెల తిరగకముందే కోతకు వస్తుంది. పంటంతా కల్లంలోనే అమ్మకుండా ఇంటికి ఏడాదికి సరిపడా కందులు, పెసలు, నువ్వులు తీసి పెట్టి, ఆ తరువాత బేరం మాట్లాడండి.

విస్తరణాధికారులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఒక మాట. ఈ విషయాలు ఉపన్యాసంగా చెబితే తలకెక్కవు. నాట్లకు ముందే ఊళ్ళో ఒక సాయంత్రం పదిమందిని కూడదీసి, మొలక రాగి జావ, మామూలు రాగి జావ రెండూ పక్కపక్కన కాచి చూపండి. గరిటెతో ఎత్తి పోస్తే తేడా కంటికే తెలుస్తుంది. మగవాళ్ళను కూడా పిలవండి. గట్టుమీద ఏమి నాటాలో, గింజ ఎంత ఇంటికి ఉంచాలో చాలా ఇళ్ళలో నిర్ణయించేది వాళ్ళే గదా.

అక్కలారా, ఇవన్నీ రేపే చేయమని అనను. ఈ రాత్రి రాగిపిండి కలిపి పెట్టండి. వచ్చే ఆదివారం నువ్వులు వేయించండి. పప్పు వండిన రోజున మీ గిన్నె ముందు తీసి పెట్టుకోండి. నాటు వేసే చేతికి బలం ఉంటేనే మడి పచ్చగా లేస్తుంది.

ఇక సెలవు.