లక్ష దాటిన కారు: చేయింపవలసినవి, చూపింపవలసినవి, మానదగినవి

పాతబడిన మోటారు కారును సర్వీసుకు తీసికొనిపోయినప్పుడు యజమాని చేతికి ఒక పొడుగాటి జాబితా వచ్చును. ఆయిలు మార్చవలెను, ఫిల్టర్లు మార్చవలెను, బ్రేకు ప్యాడ్లు మార్చవలెను, ఇంజను లోపల కడుగవలెను, ఇంజెక్టర్లు శుభ్రపరుపవలెను అని ఇరువది ముప్పది పద్దులుండును. చివరనున్న మొత్తము చూచి గృహస్థుడు రెండు మార్గములలో ఒకటి పట్టును. భయస్థుడైనచో అన్నిటికిని సంతకము చేయును. అనుమానపువాడైనచో, 'ఆయిలు మాత్రం మార్చండి, తక్కినవి తరువాత చూద్దాం' అని వచ్చివేయును. మొదటివాని సొమ్ము కొంత వృథా యగును. రెండవవాడు విడిచిపెట్టిన పద్దులలో ప్రాణమునకు సంబంధించినది ఒకటి ఉండవచ్చును.

ఈ రెండును గాక మూడవ మార్గమొకటి ఉన్నది. జాబితాలోని ప్రతి పద్దును మూడు తరగతులలో ఒకదానియందు చేర్చి చూచుటయే ఆ మార్గము. గడువు రాగానే చేయింపవలసినవి కొన్ని. కొలిచి చూపించిన తరువాత నిర్ణయింపవలసినవి కొన్ని. రోగలక్షణము కనబడనిదే మానదగినవి కొన్ని. మీటరు లక్ష కిలోమీటర్లు దాటిన కారు ఇంట నున్నవారు ఈ వింగడింపు నేర్చుకొనుట మంచిది.

మొదట చూడవలసినది కారుతోపాటు కంపెనీవారిచ్చిన పుస్తకము. సెకండుహాండులో కొన్నవారికి అది దొరకకపోవచ్చును. అయినను చాలా కంపెనీల పుస్తకములు ఇప్పుడు ఇంటర్నెట్టులో లభించుచున్నవి. ఏ భాగమును ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు మార్చవలెనో అందులో పట్టిక రూపమున ఉండును. ఈ రెంటిలో ఏది ముందు వచ్చినచో అదియే గడువు. పదివేల కిలోమీటర్లు లేదా పండ్రెండు నెలలు అని ఉన్నచో, సంవత్సరములో మూడువేలే తిరిగిన కారునకు కూడ సంవత్సరము కాగానే ఆయిలు మార్చవలెను.

పట్టికలు తరచుగా రెండుండును. ఒకటి సామాన్యమైన వాడుకకు, రెండవది కఠినమైన వాడుకకు. దుమ్ము దారులు, తరచు ఆగుచు సాగుచు పోవు నగర ప్రయాణము, ఇంజను పూర్తిగా వేడెక్కక ముందే ముగియు చిన్న చిన్న ప్రయాణములు, అధిక భారము: ఇవి కఠినమైన వాడుక క్రిందికి వచ్చును. మన కారు హైవే మీద సుఖముగా పోవునదే కదా యని చాలామంది తలంతురు. ఒక చిన్న లెక్క వేసి చూడుడు. గంటకు సగటున అరువది కిలోమీటర్ల వేగముతో పదివేల కిలోమీటర్లు పోయినచో ఇంజను తిరిగినది సుమారు 167 గంటలు. అమీర్‌పేట, కూకట్‌పల్లి రద్దీలో సగటున ఇరువది కిలోమీటర్ల వేగముతో అంతే దూరము పోయినచో తిరిగినది 500 గంటలు. మీటరు మీద అంకె ఒక్కటే. ఆయిలు పడిన శ్రమ మూడు రెట్లు. నగరములో తిరుగు కారునకు రెండవ పట్టికనే ప్రమాణముగా తీసికొనవలెను.

ఇక మొదటి తరగతి. ఇందులోని వస్తువులు చెడిపోవుచున్న సంగతి కంటికి కనబడదు. చెడిన పిమ్మట కలుగు నష్టము పెద్దది. అందుచేత వీటిని గడువునుబట్టియే మార్చవలెను. ఇంజను ఆయిలు, దాని ఫిల్టరు, బ్రేకు ఆయిలు, కూలెంటు, టైమింగు బెల్టు ఇందులో ముఖ్యమైనవి. పెట్రోలు కారునకు స్పార్కు ప్లగ్గులు, డీజిలు కారునకు ఇంధనపు ఫిల్టరు కూడ ఈ వరుసలోనివే.

వీటిలో జనులు ఎక్కువగా ఉపేక్షించునది బ్రేకు ఆయిలు. డబ్బాలో మట్టము సరిగా ఉన్నది గదా యని ఊరకుందురు. కాని దాని దోషము మట్టములో లేదు. అది గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకొను ద్రవము. డాట్ 3 అను రకము క్రొత్తగా ఉన్నప్పుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదని ప్రమాణము. అందులో 3.7 శాతము నీరు చేరిన తరువాత ఆ ప్రమాణము 140 డిగ్రీలకు దిగిపోవును. బ్రేకులు వేడెక్కి ఆ ద్రవము మరిగినచో గొట్టములలో ఆవిరి బుడగలు ఏర్పడును. ద్రవము నొక్కిన నొక్కబడదు, ఆవిరి నొక్కబడును. అప్పుడు పెడలు క్రిందివరకు దిగిపోవును గాని కారు ఆగదు. 1944లో ప్రారంభమైన పాత ఘాటు రోడ్డు మీదుగానే నేడును వాహనములు తిరుమల నుండి దిగుచున్నవి. అట్టి దారిలో కుటుంబముతో దిగువాడు బ్రేకు ఆయిలు వయస్సు ఎరిగి ఉండవలెను. రెండు సంవత్సరములకొకసారి మార్చవలెనని చాలా పుస్తకములలో ఉండును. సముద్రతీరపు తేమ గాలిలో తిరుగు కార్లకు ఆ గడువు దాటనీయరాదు. దిగునప్పుడు చిన్న గేరులో దిగి, బ్రేకుల భారము తగ్గించుట దీనికి తోడైన జాగ్రత్త.

కూలెంటు సంగతియు ఇట్టిదే. రంగు ఉన్నంతమాత్రమున గుణము ఉన్నట్లు కాదు. తుప్పు పట్టకుండ కాపాడు రసాయనములు అందులో కాలక్రమమున ఖర్చైపోవును. మట్టము తగ్గినదని బోరు నీరు పోయుట మన ప్రాంతములలో పరిపాటి. ఆ నీటిలోని సున్నపు లవణములు రేడియేటరు సన్నని గొట్టములలో పేరుకొని, మే నెల ఎండలో ఇంజను వేడెక్కుటకు దారి తీయును. లవణములు తీసిన శుద్ధజలమునే కలుపవలెను. వేడిగా నున్న రేడియేటరు మూత మాత్రము ఎన్నడును విప్పరాదు.

టైమింగు బెల్టు అనునది ఇంజనులో పిస్టన్లను వాల్వులను ఒకే తాళములో నడిపించు రబ్బరు పట్టీ. కొన్ని ఇంజన్లలో దీనికి బదులు ఉక్కు గొలుసు ఉండును. మారుతి 800లో ఉన్నది బెల్టు; అదే కంపెనీ తరువాత తెచ్చిన కె శ్రేణి ఇంజన్లలో ఉన్నది గొలుసు. గొలుసున్న కారునకు బెల్టు మార్పు అను పద్దే రాదు. కాని చల్లని ఇంజనును నడిపించినప్పుడు గలగల శబ్దము వచ్చినచో గొలుసును చూపవలెను. బెల్టున్న కారులో అది తెగినచో, చాలా ఇంజన్లలో తెరచియున్న వాల్వులకు పిస్టన్లు కొట్టుకొని ఇంజను పాడగును. గడువు ఇంజనునుబట్టి అరువదివేల నుండి లక్షకు పైగా ఉండును; సంవత్సరముల లెక్క వేరుగా ఉండును. పాత కారు కొన్నవారు, బెల్టు మార్చిన బిల్లు చూపనిచో అది మార్చలేదనియే భావించుట క్షేమము. నీటి పంపు కూడ ఆ బెల్టుతోనే తిరుగునదైనచో రెంటిని ఒకేసారి మార్పించినచో కూలి కలిసివచ్చును.

రెండవ తరగతి కొలతకు లొంగునది. ఇక్కడ 'మార్చాలి' అను మాట చాలదు, అంకె కావలెను. 'ప్యాడు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందండీ?' అని అడుగవలెను. క్రొత్త ప్యాడు మందము సాధారణముగా పది మిల్లీమీటర్ల ప్రాంతము. ఆరు మిగిలి ఉన్నచో నిశ్చింతగా రావచ్చును. మూడింటికి వచ్చినచో మార్చుటకు సిద్ధపడవలెను. టైరు గాడి లోతు కారులకు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని మన చట్టము. గాడుల అడుగున ఆ ఎత్తున చిన్న గుర్తులుండును. అరుగుదల వాటిని తాకినచో టైరు ఆయువు తీరినట్లే. టైరు ప్రక్కన నాలుగంకెల సంఖ్య ఉండును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. గాడి బాగుగా ఉన్నను వయస్సు మీరి ప్రక్కలు పగుళ్ళు బారిన టైరు నమ్మదగినది కాదు.

బ్యాటరీని కాలమునుబట్టి గాక పరీక్షించి మార్చవలెను. కొన్ని గంటలు విశ్రాంతిగా నున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల ప్రాంతమున చూపును. భారము వేసి పరీక్షించినచో అసలు బలము తెలియును. గాలి ఫిల్టరును బయటకు తీయించి కంటితో చూడవచ్చును. బయటి బెల్టులు, రబ్బరు గొట్టములు, షాకబ్జార్బర్ల చెమ్మ, స్టీరింగు కీళ్ళ వదులు: ఇవన్నియు కారును పైకెత్తినప్పుడు యజమాని స్వయముగా చూడదగినవి. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. అంతకుముందు తయారైన కార్లలో కొన్ని ఆ మిశ్రమమునకు ఉద్దేశింపబడినవి కావు. కావున అట్టి వాటిలో ఇంధనపు రబ్బరు గొట్టములను, వాషర్లను ప్రతి సర్వీసులోను చూపించుట యుక్తము.

మూడవ తరగతి మానదగినది. ఇంజను ఫ్లషింగు, ఆయిలులో పోయు అదనపు మందులు, లక్షణమేదియు లేకున్నను చేయు ఇంజెక్టరు శుద్ధి, ప్రతిసారియు అడుగు రంగు పూత మొదలగునవి కంపెనీ పట్టికలో తరచుగా కనబడవు. పట్టికలో లేని పద్దును చేయింపక మునుపు, 'ఏ లోపం కనబడినందువల్ల ఇది కావాలి?' అని అడుగవలెను. ఇంజను అదురుట, మైలేజి తగ్గుట, హెచ్చరిక దీపము వెలుగుట వంటి కారణము చెప్పినచో ఆలోచింపవచ్చును. పాత ఇంజనులో బలమైన మందు పోసి కడిగినచో లోపల గడ్డకట్టిన మడ్డి ఊడి, ఆయిలు పీల్చు జల్లెడను మూసివేయవచ్చును. కొండ నాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లగును. 'ట్యూనింగు' అను మాటయు అట్టిదే. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడరు పాత తరములలో కార్బురేటరును, పాయింట్లను సరిచేయుట నిజముగా అవసరమై ఉండెను. కంప్యూటరుతో నడచు నేటి ఇంజనులో ఆ పాయింట్లును లేవు, ఆ కార్బురేటరును లేదు.

గేరు ఆయిలు ఈ తరగతుల మధ్య నిలుచును. కొన్ని కంపెనీలు ఆటోమాటిక్కు గేరుపెట్టె ఆయిలును మార్చనక్కరలేదందురు. కొన్ని గడువు చెప్పును. ఇందులో పుస్తకము మాటయే ప్రమాణము. మార్చునప్పుడు పుస్తకములో పేర్కొన్న రకమునే పోయింపవలెను. వేరు రకము పోసినచో మార్చకుండుట కంటె ఎక్కువ హాని కలుగును.

చేతిలో పదివేల రూపాయలే ఉండి, జాబితా ఇరువదివేలదైనప్పుడు వరుస ఏది? మొదట కారును ఆపునవి, దారిలో నిలుపునవి: బ్రేకులు, టైర్లు, స్టీరింగు. తరువాత ఇంజనును బ్రతికించునవి: ఆయిలు, కూలెంటు, బెల్టు. ఆ పిదప సుఖమునకు సంబంధించినవి. ఏసీ వాసన, తలుపు కిర్రు, రంగు గీతలు ఎన్ని నెలలైనను ఆగగలవు. 'ఈ కారు అమ్మితే లక్షన్నర రాదు, దీనికింత పెట్టడమేమిటి?' అని కొందరందురు. అమ్మకపు ధరతో గాక, దీని స్థానమున మరియొకటి కొనుటకగు ఖర్చుతో పోల్చిచూడవలెను. రిజిస్ట్రేషను పదునైదేండ్లు నిండవచ్చిన కారునకు మాత్రము, ఫిట్నెసు పరీక్షకు పంపి అయిదేండ్లు పొడిగింతురా లేదా అన్నది ముందు తేల్చుకొని, సుఖపు ఖర్చులు ఆ తరువాత పెట్టుకొనుడు.

ఖర్చులేని జాగ్రత్త ఒకటి చెప్పవలెను. వయస్సు మీరిన ఇంజను కొంత ఆయిలు త్రాగును. రెండు సర్వీసుల నడుమ మట్టము పడిపోవుట అసాధారణము కాదు. వారమునకొకసారి, సమమైన నేల మీద, ఇంజను చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్కు తీసి చూడుడు. ఎర్రని ఆయిలు దీపము వెలుగువరకు ఆగుట తప్పు. ఆ దీపము చెప్పునది మట్టము సంగతి కాదు, ఆయిలు పీడనము పడిపోయిన సంగతి. అది వెలిగిన వెంటనే ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను.

సర్వీసువారందరును మోసగాండ్రని నా భావము కాదు. వారి జాబితా అన్ని కార్లకును కలిపి వ్రాసినది. మీ కారు చరిత్ర వారికి తెలియదు. ఆ చరిత్రను మీరే వ్రాసిపెట్టుకొనవలెను. ఒక చిన్న నోటుపుస్తకము కారులో ఉంచి, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లకు, ఏ భాగము మార్చితిరో, ప్యాడు ఎంత మిగిలినదో, టైరు గాడి ఎంత ఉన్నదో వ్రాయుడు. పని మొదలు పెట్టకముందు అంచనా కాగితము మీద తీసికొనుడు. మార్చిన పాత భాగమును చూపుమని కోరుడు. రెండు సంవత్సరములు ఇట్లు చేసిన యింట, జాబితా చేతికి వచ్చినప్పుడు భయమును ఉండదు, అనుమానమును ఉండదు. నోటుపుస్తకము తెరచి, 'ఇది చేయండి, ఇది చూపించండి, ఇది వద్దు' అని నెమ్మదిగా చెప్పవచ్చును.