విద్యుద్వాద్యమున గాంధారము

హైదరాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజీవ రహదారిమీద, సిద్దిపేటకు ఇవతల, మా కుకునూరుపల్లి యున్నది. 2022లో మండల కేంద్రమైనను, శనివారపు భజన మాత్రము మునుపటివలెనే సాగుచున్నది. ఆ భజనకు నేను హార్మోనియము వాయించువాడను. గడచిన సంవత్సరము మా హార్మోనియపు తిత్తిని ఎలుకలు కొరికివేసినవి. దానిని బాగుచేయింతమని కొందరనిరి. కాదు, క్రొత్త విద్యుద్వాద్యమును కొందమని పట్టుబట్టి, ఇంటింటికి తిరిగి చందాలు వసూలు చేసినవాడను నేనే. కనుక తరువాత జరిగినదానికి బాధ్యతయు నాదే.

ఇది అరేంజరు కీబోర్డనబడు జాతిది. ఎడమచేతితో రెండుమూడు మెట్లు కలిపి అదిమినచో డోలకు, తంత్రులు, తాళములు, ఒక మేళమంతయు దానంతట అది వెంట నడచును. కుడిచేతికి వందలకొలది ధ్వనులు సిద్ధముగా నుండును. వానిలో హార్మోనియము కలదు. ఒగ్గుకథకుల డోలు మాత్రము లేదు. కొమురవెల్లి మల్లన్న సన్నిధికి ఇంత చేరువగా నున్న మాకు అది చిన్న కొరత కాదు, కాని నేటి ముచ్చట అది గాదు.

మొదటి శనివారము మా పెద్దబాపు మోహనరాగములో మల్లన్న పాట నెత్తుకొనెను. డెబ్బది యేండ్లు దాటినవాడు, నాకు సరిగమలు చెప్పినవాడు. రెండు చరణములు పాడి ఆగి, "బిడ్డా, గీ పెట్టె నా గొంతుకు అడ్డం వడుతున్నది" అని కండువా దులుపుకొని లేచిపోయెను. మరుసటి శనివారము రాలేదు. ఆపై శనివారమును రాలేదు. పాడువాడు లేక వాద్యము మిగిలినచో ఇక చందాలిచ్చినవారికి ముఖమెట్లు చూపుదును?

రాత్రులు కూర్చుండి దోషమును వెదకనారంభించితిని. మొదటిది సులభముగానే దొరికెను. మెట్టును గట్టిగా కొట్టిన గట్టిగాను, మెల్లగా తాకిన మెల్లగాను పలుకుట పియానో స్వభావము. హార్మోనియమునకు వ్రేలిబలముతో పనిలేదు, తిత్తిలోని గాలియే దాని హెచ్చుతగ్గు. యంత్రములో ఆ స్పర్శగుణమును తీసివేసి, ధ్వని హెచ్చుతగ్గులకు కాలితో నొక్కు పెడలు నొకదానిని తగిలించితిని. ఎడమచేతి పని కాలికి వచ్చెను. నేటికిని నా ఎడమచేయి అప్పుడప్పుడు లేని తిత్తిని వెదకుకొనుచుండును. తరువాత, ధ్వని పుట్టుటకు పట్టు కాలమును, మెట్టు విడిచిన పిదప ఆరుటకు పట్టు కాలమును సవరించితిని. ఒక స్థాయి క్రిందిధ్వనిని మెల్లగా జతపరచి ఖర్జపు రీడ్ల నిండుదనమును తెచ్చితిని. కట్టి యిచ్చిన ప్రతిధ్వనిని పూర్తిగా తీసివేసితిని. గుడి మండపములో నిజమైన ప్రతిధ్వని యుండగా అద్దెది యెందుకు?

ఐనను గాంధారమువద్ద ముల్లు గ్రుచ్చుకొనినట్లే యుండెను.

ఇది క్రొత్త వ్యాజ్యము గాదు. 1842లో పారిసు నగరమున అలెగ్జాండర్ దెబేన్ హక్కుపత్రము పొందిన హార్మోనియము మన దేశమునకు వచ్చి, పద్యనాటకమునకు ప్రాణమై, భజనకు దిక్కైనది. కాని ఈ రేడియోలోనే 1940 మార్చి మొదలు 1971 వరకు దానికి ప్రవేశము లేకుండెను. గమకము పలుకదనియు, దాని స్వరస్థానములు మనవి కావనియు నేరారోపణ. రెండవమాట లెక్కకు అందునదే. యంత్రము స్థాయిని 1200 సెంట్లుగా నెంచి, పండ్రెండు మెట్లకు నూరేసి చొప్పున సమముగా పంచును. అందువలన అంతరగాంధారము 400 సెంట్లకడ పడును. తంబురా తీగెలో తనంతట మ్రోగు గాంధారము 386 సెంట్లకడ నుండును. పదునాలుగు సెంట్ల భేదము సామాన్యముగా చెవికి దాటిపోవును. శ్రుతిలో నిలిచిన గొంతుకు దాటిపోదు.

మరి పాత పెట్టెతో పెద్దబాపు ఇన్నియేండ్లు ఎట్లు పాడెనని మీరడుగవచ్చును. నేనును అదే యడిగికొని, అటకమీదినుండి దానిని దింపి విప్పి చూచితిని. ఇత్తడి రీడ్లమీద గీతలు కనబడెను. రీడు కొనను గీకిన శ్రుతి హెచ్చును, మొదట గీకిన తగ్గును. గాంధారపు రీడ్లన్నియు మొదట గీకియున్నవి. నా చిన్ననాడు మరమ్మతుచేయువాని ప్రక్కన ఆయన పూటంతయు కూర్చుండుట అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. ఆ పెట్టె ఆయన గొంతునకు కుట్టిన చొక్కా. నేనది తెలియక అంగడిచొక్కా తెచ్చి తొడిగితిని.

క్రొత్తదానిలోను ఆకురాయి యున్నది, అంకెల రూపమున. పండ్రెండు మెట్లలో దేనినైనను సెంట్లలెక్కన దింపవచ్చును, ఎక్కింపవచ్చును. ఆత్రముతో ఒకటవ శ్రుతినుండి లెక్కించి దాని గాంధారమును పదునాలుగు దింపితిని. పెద్దబాపుది రెండవ శ్రుతి. అచ్చట ఆ మెట్టే రిషభము. 204కడ నుండవలసిన రిషభము 186కు జారి, పాట మునుపటికంటె చెడెను. మరల రెండవ శ్రుతినుండి లెక్కించి, రిషభమును నాలుగు ఎక్కించి, గాంధారమును పదునాలుగు, ధైవతమును పదునారు దింపి, పంచమమును రెండు ఎక్కించితిని. తీరా దానిని మెమరీ బొత్తాములో దాచుట మరచి స్విచ్చు ఆర్పితిని. తెల్లవారి చూడ అన్నియు నూరేసి సెంట్లే. మూడవరాత్రి దాచి పండుకొంటిని. వెంట నడచు మేళమును కూడ ఆపివేసితిని. ఈ సవరించిన స్వరముల ప్రక్కన దాని గుంపుస్వరములు పొసగలేదు.

నాలుగవ శనివారము నేనే యింటికిపోయి పెద్దబాపును పిలుచుకొని వచ్చితిని. గడపకడ కూర్చుండి చాలసేపు వినెను. గాంధారమును మరల మరల వాయింపుమనెను. "ఇంకొంచెం పైకి" అనెను. రెండు సెంట్లు ఎక్కించితిని. పుస్తకపులెక్కకంటె అది రెండు హెచ్చు, ఆయన గొంతునకు సరి. లోపలికి వచ్చి కూర్చుండెను. పాట ఎత్తుకొనబోయి నిలిచి నెమ్మదిగా ననెను: "రెండు శ్రుతి నాకు అందుతలేదు బిడ్డా, శాన దినాలాయె. పాత పెట్టె అండ్లనే గీకి ఉండె, అందుకే గుంజుకొచ్చిన. దీంట్ల ఒకటిన్నరకు దించవస్తదా?"

దించవచ్చును. కాని షడ్జము కదలిన గాంధారము వేరొక మెట్టున పడును, సవరణలన్నియు మొదటినుండి చేయవలయును. కొంచెము కూర్చుండుమని వేడి అంకెలను ఒక్కొక్కటిగా మార్చనారంభించితిని. మండపములో ఎవరును మాటాడలేదు. ఈమారు మొదటనే దాచు బొత్తామును నొక్కితిని. ఆయన మోకాలిమీద తాళము వేయుచు గొంతు సవరించుకొనెను.