మాస్టారి మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తొమ్మిదో తరగతిలో లెక్కల్లో తప్పాను. ప్రోగ్రెస్ రిపోర్టు మీద నాన్న సంతకం నేనే పెట్టేశాను. లెక్కల మాస్టారు పట్టుకున్నారు గానీ కొట్టలేదు. "మార్కులు తగ్గితే దిద్దుకోవచ్చురా, దాచేస్తే ఎట్లా దిద్దుకుంటావు?" అన్నారు.

ఆ మాట అమెరికాలో, నలభై దాటాక మళ్లీ గుర్తొచ్చింది. చిన్న విమానం నడపడం నేర్చుకుందామని చేరాను. మెడికల్ దరఖాస్తులో షుగర్ వ్యాధి గురించిన ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయింది. నేను అప్పటికే పదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నాను. అక్కడి నిబంధనల ప్రకారం అది అనర్హత. "లేదని పెట్టెయ్యి, ఎవరు చూస్తారు?" అన్నాడో మిత్రుడు.

ఉందనే రాశాను. రాశాకే తెలిసింది, దారి మూసుకుపోలేదని. జబ్బు అదుపులో ఉందని రుజువైతే అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ షరతులతో ప్రత్యేక అనుమతి ఇస్తుంది. ఇన్సులిన్ వాడే ప్రైవేటు పైలట్లకు ఆ వీలు 1996లో, ఎయిర్‌లైన్ పైలట్లకు 2019లో వచ్చింది.

అయితే నా షుగరే అదుపులో లేదు. డాక్టరుగారు అనుకూలంగా రిపోర్టు రాయనన్నారు. తిండి, నడక, మందు సరిచేసుకోవడానికి ఏడాది పట్టింది. ఆ తర్వాతే సర్టిఫికెట్ వచ్చింది. బయలుదేరే ముందు అరగంట లోపు, గాలిలో గంటగంటకూ, దిగే ముందు అరగంట లోపు షుగర్ చూసుకోవాలి. అది 100కీ 300కీ మధ్య ఉండాలి. జేబులో గ్లూకోజ్ తప్పనిసరి. గాలిలో కళ్లు తిరిగితే పోయేది నా ఒక్కడి ప్రాణమే కాదు కదా!

డీక్ స్లేటన్‌ను నాసా 1959లో తొలి ఏడుగురు వ్యోమగాముల్లో ఒకరిగా ఎంపిక చేసింది. గుండె లయ తప్పుతోందని 1962లో ఆపేశారు. ఆయన సంస్థను వదల్లేదు, పరీక్షలూ మానలేదు. 1972లో అనుమతి దొరికింది. 1975లో, 51వ ఏట, అంతరిక్షానికి వెళ్లొచ్చారు. అందరికీ అనుమతి రాకపోవచ్చు. కానీ దాచినవాడికి సరిచేసుకునే అవకాశమే ఉండదు.

ముందు వరసలో కూర్చున్న మా లెక్కల మాస్టారికి ఒక్క మాట. మాస్టారూ, ఈ సర్టిఫికెట్ మీద ఉన్న సంతకం నేను పెట్టింది కాదండీ!