ఇల్లు పెరిగినది, బీమా పెరిగినదా?

(మస్తూరీలో జరిగిన మన సంఘ కుటుంబ సమ్మేళనమున చేసిన ప్రసంగ పాఠము)

 

పాటలు, పద్యములు వినవచ్చిన మీ యెదుట బీమా గురించి మాటాడుమని కార్యదర్శిగారు నన్ను నిలువబెట్టినారు. పులిహోర చల్లారకముందే ముగించెదనని వారికి మాట యిచ్చితిని.

బెంగాల్ నాగపూరు రైల్వే నాటినుండి బిలాసపూరు ప్రాంతమునకు తెలుగువారు వచ్చుచునే యున్నారు. ఉద్యోగకాలమంతయు క్వార్టర్లలో గడుపుదుము; స్వంత యిల్లు మాత్రము శ్రీకాకుళము వైపో, విజయనగరము వైపో కట్టుకొందుము. కొందరు ఈ మస్తూరీ పరిసరములందే స్థలము కొని కట్టుచున్నారు. ఎక్కడ కట్టినను మనవంటి ఉద్యోగుల యింటి బీమా సాధారణముగా గృహనిర్మాణ అడ్వాన్సు తీసికొన్న సందర్భముననే పుట్టును. ఇల్లు పూర్తి కాగానే అగ్ని, వరద, పిడుగు అను మూడింటికి బీమా చేయించవలెననియు, ఆ మొత్తము అడ్వాన్సుకు తక్కువ కారాదనియు, అప్పు తీరువరకు దానిని నిలుపవలెననియు నిబంధన. అది ప్రభుత్వపు సొమ్మును కాపాడుటకు పెట్టిన నిబంధన. ఇంటిని కాపాడుకొనుట వేరు పని. ఈ భేదము నాకు 2018 వరకు తెలియలేదు.

మా యిల్లు ఉద్దానములో, సోంపేట సమీపమున నున్నది. 2005లో 4 లక్షల అడ్వాన్సుతో కట్టి, 4 లక్షలకే బీమా చేయించితిని. పాలసీలో తుపాను కూడ చేరియుండుట నా తెలివి కాదు, అదృష్టము. తరువాత ఏటేట పాత అంకెకే ప్రీమియము కట్టుచు వచ్చితిని. 2015లో మేడమీద రేకుల గది వేసితిమి. బంధువులను పిలిచి భోజనములు పెట్టితిమి, పురోహితునికి చెప్పితిమి, బీమావారికి మాత్రము చెప్పలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినది. రెండు దినములకు గాని ఫోను కలియలేదు. “నాయనా, మేడమీద గది లేదురా, కొబ్బరిచెట్టు వంటింటిమీద పడినది, నేను బాగున్నాను” అని మా అమ్మ చెప్పినది. రాయ్‌పూరు, టిట్లాగఢ్, రాయగడల మీదుగా పోవు రైలెక్కి ఊరు చేరితిని.

సర్వేయరుగారు మర్యాదస్తులు. పాలసీ కాగితము చూచి, ఆకాశము చూచి, “ఈ గది ఇందులో ఎక్కడ నున్నదండీ?” అని అడిగినారు. లేదు గనుక దానికేమియు రాలేదు. వంటింటికి 90 వేల నష్టమని తేలినది. కాని క్రింది భాగమును తిరిగి కట్టవలెనన్న ఆనాటి వెల 12 లక్షలు. నా బీమా 4 లక్షలు. మూడవవంతుకే బీమా చేసితిని గనుక నష్టములోను మూడవవంతే, అనగా 30 వేలే లెక్కకు వచ్చినది. పదమూడేండ్లు ప్రీమియము కట్టిన గర్వమంతయు ఆ పూట దిగిపోయినది. ఇందు వారి తప్పు లేదు.

కావున అంకెను ఎట్లు చూడవలెనో చెప్పెదను. ఇంటిని అమ్మిన నెంత వచ్చునన్నది బీమాకు పనికిరాదు. అందులో స్థలము వెల చేరియుండును. అదే యింటిని నేడు మరల కట్టుటకు చదరపు అడుగునకెంత యగునో ఆ ఊరి మేస్త్రీ నడిగి, వైశాల్యముతో హెచ్చవేయుడు. మస్తూరీలో కట్టినవారు ఇక్కడి మేస్త్రీనే అడుగవలెను, ఊరిలోని బావమరదిని గాదు.

2021 ఏప్రిల్ 1 నుండి, హైదరాబాదులో కేంద్ర కార్యాలయముగల బీమా నియంత్రణ సంస్థ ఆదేశముపై, “భారత్ గృహ రక్ష” అను ఒకే తీరు పాలసీ వచ్చినది. అగ్ని, పిడుగులతోపాటు తుపాను, వరద, భూకంపము ఇందు చేరియున్నవి. నాకు తగిలిన దామాషా కోత ఇందు లేదు. పలుసంవత్సరములకు తీసికొన్నచో మొత్తము ఏటేట నూటికి 10 వంతున అదనపు ప్రీమియము లేకయే పెరుగును. ఇది చాల మేలైన మార్పు. అయినను ఇల్లంతయు కూలినచో పత్రములోని మొత్తమునకు మించి రాదు. కొత్తగా వేసిన గది సంగతి మనము చెప్పనిదే వారికి తెలియదు.

అక్కచెల్లెండ్రు ఒక్కటి గమనింపవలెను. సామగ్రికి కూడ బీమా తీసికొన్నచో భవనపు మొత్తములో నూటికి 20 వంతు, 10 లక్షలకు మించకుండ, పట్టిక యీయకయే రక్షణ కలదు. నగలకు మాత్రము వేరుగా చెప్పి చేర్పించుకొనవలెను. తుపానువంటి బీమా ప్రమాదము జరిగిన ఏడు దినములలోపు దొంగతనమునకే ఇందు పరిహారము. మామూలు దొంగకు వేరు బీమా కావలెను. తాళము వేసిన ఇండ్లున్న మనకు ఇది చిన్న సంగతి కాదు.

ఇక పాలసీ తీసి చూడవలసిన వేళలు. గది వేసినప్పుడు చెప్పనే చెప్పితిని. ఇల్లు అద్దెకిచ్చినప్పుడు, అందులో దుకాణము పెట్టించినప్పుడు వెంటనే వ్రాతపూర్వకముగా తెలుపుడు. తల్లిదండ్రులు గతించి యిల్లు మూతపడినప్పుడు మరింత జాగరూకత వలయును. పాత తరహా అగ్ని బీమా పాలసీలలో ఇల్లు 30 దినములకు మించి ఖాళీగా నుండి, ఆ సంగతి తెలిపి అనుమతి పొందనిచో రక్షణ నిలిచిపోవు షరతు ఉండెడిది. అప్పుడే యాజమాన్యము ఎవరి పేరికి మారినదో కూడ వ్రాయించవలెను. అన్నింటికంటె మనము ఏమరు వేళ అడ్వాన్సు తీరిన దినము. దస్తావేజులు చేతికి వచ్చిన సంతోషములో బీమాను కూడ ముగించుకొందుము. ఇల్లు పూర్తిగా మనదైన నాడే దానికి రక్షణ లేకుండ పోవును!

మా మేడమీద ఈసారి రేకులు వేయలేదు, స్లాబు పోయించితిమి. పోసిన వారములోనే బీమా కార్యాలయమునకు లేఖ వ్రాసి, వారి ముద్రతో రసీదు తీసికొంటిని. ఆ లేఖ నకలు తెచ్చితిని. కావలసినవారు భోజనానంతరము చూచి వ్రాసికొనవచ్చును. పులిహోర వచ్చినట్లున్నది.