పోయేదాంట్లో ఎంత పోతోంది?



ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన ధర్మనిధి ఎవరి పేరిట ఏర్పడిందో ఆయన్ని మేమెవ్వరం ఏనాడూ పేరుతో చెప్పుకోలేదు. మాకు ఆయన మాస్టారే. ఈ సాయంత్రం కూడా అలాగే అంటాను.

రసాయన ఇంజనీరింగులో మాస్టారు చెప్పింది కుర్రవాళ్ళకు పైకి రుచించని పాఠం. దంచడం, విసరడం, జల్లించడం, తేర్చడం, వడకట్టడం, ఆరబెట్టడం. మొదటిరోజు ఆయన తరగతికి పుస్తకం తేలేదు. ఒక చేట, రెండు ఇత్తడి గిన్నెలు, మానెడు బియ్యం తెచ్చారు. బియ్యంలో గుప్పెడు సన్నరాళ్ళు కలిపి, "మీలో బియ్యం గాలించడం ఎవరికి వచ్చు?" అని అడిగారు. ముప్ఫైమందిలో ఇద్దరం లేచాం. ఇద్దరమూ ఇంట్లో అమ్మకు ఒంట్లో బాగులేనప్పుడు పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళమే. గిన్నెలో నీళ్ళు పోసి, మెల్లగా ఆడిస్తూ, బియ్యాన్ని నీళ్ళతోపాటు రెండో గిన్నెలోకి జారవిడిచాను. రాళ్ళు అడుగున మిగిలాయి. "ఎందుకు మిగిలాయి?" అన్నారు మాస్టారు. బరువు కనక, అన్నాను. "చేటలోనూ బరువే కదా. మరి ఈ సన్నరాయి చేటకు లొంగదేం? నీళ్ళకెందుకు లొంగింది?" నాకు జవాబు తెలియలేదు.

ఆ జవాబు బల్లమీద ఆయనే లెక్క కట్టారు. నీటితో పోలిస్తే బియ్యపు గింజ సాంద్రత సుమారు 1.45. పలుగురాయిది 2.65. గాలిలో రెండింటి నిష్పత్తి 1.8 మాత్రమే. నీళ్ళలో ముంచగానే రెండింటి నుంచీ నీటి సాంద్రత ఒకటి తీసేయాలి. బియ్యానికి 0.45, రాయికి 1.65 మిగులుతాయి. ఇప్పుడు నిష్పత్తి దాదాపు 3.7. అంటే బియ్యానికీ రాయికీ ఉన్న తేడాను నీళ్ళు రెట్టింపు చేసి చూపిస్తాయి. ఖనిజ శుద్ధి చేసేవాళ్ళు ఒక ధాతువును కేవలం బరువు తేడాతో విడదీయగలమో లేదో తేల్చుకునేది ఈ లెక్కతోనే. ఆ నిష్పత్తి 2.5 దాటితే పని సులువు. బంగారం సాంద్రత 19.3. ఇసుకతో పోల్చి ఇదే లెక్క వేస్తే 11 వస్తుంది. అందుకే ఏటి ఇసుకలోని బంగారు రజనును పళ్ళెంలో కడిగి పట్టుకోగలరు. మన వంటింటి గాలింపు, ఏటి ఒడ్డున బంగారం కడగడం ఒకే పని.

1915లో ఆర్థర్ డి. లిటిల్ అనే అమెరికన్ రసాయనజ్ఞుడు, ఏ పరిశ్రమనైనా కొన్ని మూలక్రియలుగా విడగొట్టి చదవవచ్చని ప్రతిపాదించాడు. పంచదార అయినా, సిమెంటు అయినా, రాగి అయినా నలగగొట్టడం, వేరుచేయడం, ఆరబెట్టడం ఒకే సూత్రాలతో నడుస్తాయి. మాస్టారు ఆ మాట చెప్పాక చేటను చూపించి, "ఈ మూలక్రియలు మీ ఇంట్లో పుట్టి పెరిగినవే. మీరు వాటికి లెక్క నేర్చుకోవడానికి ఇక్కడికొచ్చారు" అన్నారు. ఆహారశాస్త్రం, ఖనిజ శుద్ధి, ఇంజనీరింగు అనే మూడు శాఖలను ఒకే ఉపన్యాసంలో కలపడానికి నాకు ధైర్యమిచ్చింది ఆ మాటే.

చదువయ్యాక ఒక ఖనిజ శుద్ధి కర్మాగారంలో చేరాను. మేం తీస్తున్న శుద్ధ ఖనిజం (కాన్సన్‌ట్రేట్) నాణ్యత బాగుండేది. పొంగిపోయి మాస్టారికి ఉత్తరం రాశాను. కార్డు మీద ఒక్క వాక్యం జవాబు వచ్చింది: "సంతోషం. పోయేదాంట్లో ఎంత పోతోంది?" ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఖనిజం తీసేశాక పారబోసే, టెయిల్స్ అని మేం పిలిచే బురదను ఎవరూ క్రమంగా పరీక్షించడం లేదు. వారం రోజులు నమూనాలు తీసి చూస్తే, లెక్కల్లో రాసుకుంటున్నదానికంటే బాగా ఎక్కువ ఖనిజం వాగు దారి పట్టిపోతోంది. తప్పు మర దగ్గరే దొరికింది. రాయిని అవసరానికి మించి మెత్తగా విసురుతున్నాం. అతిగా దంచితే బియ్యం నూకవుతుంది. అతిగా విసిరితే ఖనిజం బురదవుతుంది. ఆ మెత్తటి రేణువు నీళ్ళలో దిగదు, ఖనిజాన్ని పైకి తేల్చే బుడగకూ అంటదు. మర విసురు తగ్గించాక నష్టం తగ్గింది. కొత్త యంత్రమేదీ కొనలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఈ ఉపన్యాసం ఆ కార్డుకు నేను ఆలస్యంగా రాస్తున్న జవాబు.

పోయేదాన్ని చూసినవాళ్ళు ఏం సాధించారో మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్. పంతొమ్మిదో శతాబ్దం చివర అక్కడ సీసం, వెండి తీస్తుండేవారు. జింకు ఖనిజం, దానితో కలిసిన రాతి ఖనిజాలు దాదాపు ఒకే బరువుతో ఉండటంవల్ల నీళ్ళతో గాలించి విడదీయడం కుదరలేదు. జింకు అంతా గుట్టలుగా పోగుపడింది. మెల్‌బోర్న్‌లో బీరు తయారీ వృత్తిలో ఉన్న చార్లెస్ పాటర్, గని మేనేజరు గియోమ్ డెల్‌ప్రాట్ 1902 ప్రాంతంలో ఎవరికి వారుగా ఒకే దారి పట్టారు. ఆ గుట్టల పొడిని వేడి ఆమ్లద్రావణంలో వేస్తే, అందులోని కార్బనేట్ల నుంచి వాయువు బుడగలుగా లేస్తుంది. ఆ బుడగలు జింకు రేణువులను అంటిపెట్టుకుని పైకి తేలుస్తాయి, మట్టి అడుగున ఉండిపోతుంది. బరువు విడదీయలేనిదాన్ని తడి విడదీసింది. నీటితో తడవని రేణువు బుడగను పట్టుకుంటుంది, తడిచే రేణువు మునుగుతుంది. ఈ నురుగు పద్ధతి తర్వాత నూనెలు, రసాయనాలు చేర్చుకుని ప్రపంచమంతా పాకింది. ఇవాళ రాగి, సీసం, జింకు ఎక్కువగా వస్తున్నది ఆ దారినే. ఒక మహా పరిశ్రమ పారబోసిన గుట్టలోంచి పుట్టింది.

రెండోది మన నేల మీది కథ, బాధాకరమైన కథ. మర వచ్చాక బియ్యం తెల్లబడింది. తెల్లదనం కోసం గీరి తీసేసిన తవుడు పశువుల తొట్టిలోకి పోయింది. 1890లలో బటేవియాలో, అంటే నేటి జకార్తాలో, డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ తెల్లబియ్యపు అన్నం తిన్న కోళ్ళు కాళ్ళు చచ్చుబడి పడిపోవడం, ముడిబియ్యం పెడితే లేచి నిలబడటం చూశాడు. ఆ తవుడు పొరలో ప్రాణానికి అవసరమైనదేదో ఉందని 1901లో ఆయన తోటివాడు గెరిట్ గ్రైన్స్ తేల్చాడు. అదే తర్వాత బి1 విటమిన్‌గా తేలింది. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి దక్కింది. ఆ విటమిన్ కొరవడితే మనుషులకు వచ్చే బెరిబెరి వ్యాధి మన దేశంలో పాతుకుపోయిన చోటు మన ఉత్తర సర్కారులే. మరపట్టిన పచ్చిబియ్యం తినే కోస్తా తెలుగువాళ్ళకు కాళ్ళు వాచి, గుండె బలహీనపడేది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ జబ్బు అరుదు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పైపొరల్లోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, మర దాన్ని గీరి తీయలేదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే పెరిగి పెద్దదై, హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

అయితే ఉప్పుడు బియ్యం మంచిదని చెప్పినంతమాత్రాన జనం తినలేదు. వడ్లను చన్నీళ్ళలో రెండు మూడు రోజులు నానబెడితే పులిసి వాసన వచ్చేది. 1950లో మైసూరులో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, 70 డిగ్రీల వేడినీళ్ళలో నానబెడితే మూడు నాలుగు గంటల్లో పని అవుతుందనీ, వాసన రాదనీ చూపించింది. విటమిన్ ఉందని కనిపెట్టడం ఒక పరిశోధన. వాసన పోగొట్టడం ఇంకొక పరిశోధన. రెండోదాన్ని చిన్నదిగా చూడకండి. అది లేకపోతే మొదటిది కంచం దాకా రాదు.

మూడోది ఆ తవుడే. నూరు కిలోల వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక, 8 కిలోల దాకా తవుడు వస్తాయి. తవుడులో 15 నుంచి 20 శాతం నూనె ఉంది. ఉన్నా చిక్కదు. గింజ మీద ఉన్నంతసేపు నూనె ఒక గదిలో, దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఇంకో గదిలో ఉంటాయి. మరపట్టగానే రెండూ కలుస్తాయి. కొన్ని గంటల్లోనే తవుడు కారు వాసన కొడుతుంది. పాత హల్లర్ మిల్లులో ఊక, తవుడు కలిసిపోయి వచ్చేవి, నూనె తీయడం మాటే లేదు. రబ్బరు రోలర్లు ముందు ఊకను విడిగా ఒలవడం మొదలయ్యాక శుభ్రమైన తవుడు చేతికొచ్చింది. దాన్ని వెంటనే ఆవిరితో వేడిచేసి ఎంజైమును చంపాలి. ఆ తర్వాత కూడా నూనెలో మైనం, జిగురు మిగులుతాయి. హైదరాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులు ఎంజైముతోనే ఆ జిగురు తీసే పద్ధతి రూపొందించి మిల్లులకు అందించారు. నూనెను పాడుచేసింది ఒక ఎంజైము, బాగుచేసింది ఇంకొక ఎంజైము. ఒక యంత్రం, ఒక ఆవిరి గొట్టం, ఒక జీవరసాయనం చేతులు కలిపితేనే తవుడు వంటనూనె అయింది. ఇందులో ఏ ఒక్క శాఖా ఒంటరిగా గెలవలేదు.

ఇక ఊక. ఇక్కడ అన్నమూ ఖనిజమూ ఒకే గింజలో కలుస్తాయి. వరి మొక్క నేలలోని సిలికాను పీల్చి ఊకలో దాచుకుంటుంది. ఊకను కాలిస్తే అయిదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికాయే. అంట్లు తోమడానికి మన అమ్మలు ఊకబూడిద వాడింది ఊరికే కాదు. 700 డిగ్రీలు మించకుండా కాలిస్తే ఆ సిలికా స్ఫటికం కట్టదు, సున్నంతో కలిసి గట్టిపడుతుంది, సిమెంటులో కొంత భాగానికి బదులు పనిచేస్తుంది. మంట అదుపు తప్పితే అదే సిలికా స్ఫటికమై, పీల్చినవాళ్ళ ఊపిరితిత్తులకు హాని చేసే దుమ్మవుతుంది. సరుకూ చెత్తా అన్న తేడా ఊకలో లేదు, పొయ్యి వేడిలో ఉంది.

మన ఇంకో గుట్ట దగ్గరికి రండి. కడప సీమలోని మంగంపేటలో ప్రపంచంలోనే పెద్దదని పేరున్న బెరైటీస్ నిక్షేపం ఉంది. నూనెబావులు తవ్వేటప్పుడు లోపలి వాయువు ఎగదన్నకుండా బురదను బరువెక్కించడానికి ఈ రాతిపొడి కావాలి. అందుకు దాని సాంద్రత సుమారు 4.2 ఉండాలని కొనేవాళ్ళు అడుగుతూ వచ్చారు. మేలురకం తవ్వి పంపితే, నాసిరకం పక్కన గుట్టలుగా మిగులుతుంది. మాస్టారి లెక్క వేయండి: పలుగురాయి కలిసిన బెరైటీస్‌ను నీళ్ళలో విడదీయాలంటే నిష్పత్తి 1.94. బియ్యం, రాయి మధ్య ఉన్న 3.7 ఎక్కడ, ఇదెక్కడ? ముతక ముక్కలైతే గాలింపు పనికొస్తుంది, మెత్తటి పొడికి బ్రోకెన్ హిల్ నురుగే శరణ్యం. ఏది ఏ సైజు దాకా, ఎంత నీటితో, ఎంత ఖర్చుతో అన్నది ఆ గుట్ట దగ్గర నిలబడి నమూనా తీసినవాళ్ళే చెప్పగలరు. కోలారులో 2001లో బంగారు గనులు మూతపడ్డాయి. బంగారం తీశాక మిగిలిన సయనైడ్ దిబ్బలు మాత్రం ఊరి మధ్య ఇంకా ఉన్నాయి, గాలికి దుమ్ము లేస్తూనే ఉంది. వాటిలో మిగిలిన బంగారం గురించి అందరూ మాట్లాడతారు. ఆ దుమ్ము పీల్చే ఇళ్ళ గురించి కూడా మాట్లాడటమే మాస్టారి ప్రశ్నకు పూర్తి అర్థం. పోయేదాంట్లో ఎంత పోతోందన్నది ఒకటే కాదు, అది పోయి ఎవరి ముంగిట పడుతోందన్నది కూడా.

పాత ఇంట్లో చెత్తకుప్ప చిన్నది. ఊక పొయ్యిలోకి, తవుడు గేదెకు, నూకలు కోళ్ళకు, కడుగు కుడితిలోకి పోయేవి. ఆ ఇల్లాలికి లెక్క రాకపోయినా చూపు ఉండేది. మనకు లెక్క వచ్చింది, చూపు సన్నగిల్లింది. సిద్ధాంత వ్యాసాల్లో దిగుబడి ఎంతో రాస్తాం, వృథా ఎక్కడికి పోయిందో రాయం. అనువర్తిత పరిశోధన అంటే కొత్త వస్తువు తయారుచేయడమని మాత్రమే పిల్లలకు నేర్పుతున్నాం. అది సగమే. కర్మాగారం వెనక గేటు దగ్గర నిలబడి బయటికి వెళ్ళేదాన్ని గిన్నెలో పట్టి చూడటం మిగతా సగం.

ధర్మనిధి నిర్వాహకులకు ఒక మనవి. ఏటా మీరు ఉత్తమ విద్యార్థి ప్రాజెక్టుకు బహుమతి ఇస్తున్నారు. వచ్చే ఏడాది నుంచి ప్రతి ప్రాజెక్టు నివేదికలో ఒక పేజీ తప్పనిసరి చేయండి. లోపలికి వచ్చింది ఎంత, సరుకైంది ఎంత, మిగిలింది ఎంత, అది ఎక్కడికి పోయింది? నాలుగు జవాబులు చాలు. అంకెలు కలవకపోతే ఆ నివేదికను వెనక్కి ఇచ్చేయండి. ఆ పేజీకి పెట్టాల్సిన శీర్షిక మాస్టారే నాకు కార్డు మీద రాసి పంపారు.