కాలు కొలిచి చెప్పు కొందాం

విత్తనం గురించి, ఎరువు గురించి ప్రతి మీటింగులో మాట్లాడుకుంటం. ఈరోజు కాళ్ల గురించి మాట్లాడుకుందాం.

యాభై దాటిన మనలో చాలామందికి ఆనెలున్నయ్, మడిమల పగుళ్లున్నయ్. షుగర్ ఉన్నోళ్ల సంగతి ఇంకా కష్టం. అరికాలుకు స్పర్శ పోతది. ఆదిలాబాద్ రేగడిలో పత్తి మోడు గుచ్చుకున్నా తెలువది, చీము పట్టినంక చూసుకుంటరు. అట్ల వేళ్లు తీయించుకున్నోళ్లు మన ఊర్లల్ల ఉన్నరు.

వెనుక మాదిగ అన్నలు మన కాలు కొలిచి, తంగేడు చెక్కతో పదును చేసిన తోలుతో కిర్రుచెప్పులు కుట్టిచ్చేటోళ్లు. కల్లంకాడ పెట్టిన గింజలు వాళ్ల చాకిరికి ఏనాడూ సరిపోలే. ఇప్పుడు నంబరు చూసి కొంటున్నం. ఒక్కో కంపెనీ 8 నంబరు ఒక్కో తీరుంటది.

కొనేటందుకు సాయంత్రం పోవాలె, అప్పటికి కాలు ఉబ్బి ఉంటది. రెండు కాళ్లకూ తొడిగి, పెద్ద కాలుకు పట్టేది తీసుకోవాలె. నిలబడితే వేళ్ల ముందర అర అంగుళం జాగా ఉండాలె. "తొడుగంగ సాగుతది" అని దుకాణపాయన అంటడు. తోలు వెడల్పుకు కొంత సాగుతది గానీ పొడుగుకు సాగదు. అడుగు కుట్టింది చూడండి, అరిగితే మళ్లీ వేయించుకోవచ్చు. పత్తి చేన్లకు మడిమ పైదాక వచ్చే తోలు బూటు మంచిది. కరీంనగర్ వరి మళ్లల్ల తోలు నాని పాడైతది. తడిస్తే నీడకు ఆరబెట్టాలె, పొయ్యికాడ పెడితే పగులుతది. షుగర్ ఉన్నోళ్లు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూడాలె. రాయో మొలో ఉంటే కాలుకు తెలువకున్నా చేతికి తెలుస్తది.

కుష్ఠు నిర్మూలన కార్యక్రమంలో స్పర్శ పోయిన కాళ్లకు ఎం.సి.ఆర్. చెప్పులు ఉచితంగా ఇస్తరు. షుగర్ ఉన్న రైతులకు, కూలీలకు కూడా పీహెచ్‌సీల్లో అవి ఇయ్యాలె. దరఖాస్తు కాయితం బల్ల మీద ఉంది, సంతకం పెట్టి పోండి.